మూత బిగించిన డబ్బా

సముద్రపు ఒడ్డున ఉన్న ఒక చమురు శుద్ధి కర్మాగారంలో పైడిరాజు అనే ఇంజనీరు ఉండేవాడు. తెలివైనవాడే కాని, కంటికి కనబడనిదాన్ని లెక్కచేసేవాడు కాడు. ఎవరైనా జాగ్రత్త చెబితే "ఏదీ, చూపించండి" అనేవాడు. వాళ్లు చూపించలేకపోతే నవ్వేసి తన పని చేసుకుపోయేవాడు.

ఆ కర్మాగారపు ప్రయోగశాలలో అతనితో పాటు మాణిక్యాంబ అనే మరో ఇంజనీరు పనిచేసేది. ఇద్దరిదీ ఒకే హోదా. నూనెలో ఉండే గంధకాన్ని తొలగించే పద్ధతి ఒకటి వాళ్లు పరీక్షిస్తున్నారు. దానికి హైడ్రోజన్ వాయువు నూనెలో కలవాలి. మామూలుగా అది కలిసేది చాలా తక్కువ. అందుకని మందపాటి ఉక్కు పాత్రలో నూనె పోసి, వేడిచేసి, విపరీతమైన ఒత్తిడితో వాయువును లోపలికి ఎక్కించేవారు.

ఒకరోజు ఉదయం వాయువు ఎక్కించి వాల్వు మూయగానే, ఒత్తిడి చూపే గేజి ముల్లు మెల్లగా దిగడం మొదలుపెట్టింది.

"ఎక్కడో లీకవుతోంది" అన్నాడు పైడిరాజు. అతుకులన్నిటికీ సబ్బునీళ్లు రాశాడు. ఒక్క బుడగైనా లేవలేదు.

"లీకు కాదండీ, వాయువును నూనె తాగేస్తోంది" అంది మాణిక్యాంబ. "ఒత్తిడి ఎంత పెంచితే అంత తాగుతుంది. ఒత్తిడి తీసేస్తే మళ్లీ కక్కేస్తుంది. కాకపోతే వెంటనే కక్కదు."

ముల్లు ఒకచోట ఆగింది. పరీక్ష బాగా జరిగింది. పాత్రకున్న దళసరి అద్దపు కిటికీలోంచి చూస్తే, ముదురు రంగు నూనె తేటపడింది. అది చూసి పైడిరాజు పొంగిపోయాడు. ఆ పూట డైరెక్టరుగారు ప్రయోగశాల చూడటానికి వస్తున్నారు. ఆయన వచ్చేసరికి కొత్త నూనె బల్ల మీద ఉండాలని అతని ఆరాటం. గబగబా వాయువును బయటి గొట్టం గుండా వదిలేశాడు. ముల్లు సున్నాకు వచ్చింది.

"పని అయిపోయింది. డబ్బాలోకి పట్టేద్దాం" అన్నాడు.

"ఆగండి పైడిరాజుగారూ! ఆ ముల్లు పైనున్న వాయువు సంగతే చెబుతుంది, నూనెలో ఉన్నదాని సంగతి చెప్పదు. వాల్వు తెరిచే ఉంచి కాసేపు కలియబెడదాం."

"నూనెలో ఏముంది? ఏదీ, చూపించండి."

నూనె అద్దంలా ఉంది. మాణిక్యాంబ చూపించడానికేమీ లేదు.

"పోనీ, మూత మాత్రం బిగించకండి" అంది.

"చల్లారుతోందిగా, భయమెందుకు? సోడా కూడా చల్లగా ఉంటే పొంగదు."

"హైడ్రోజన్ తీరు వేరండీ. వేడి నూనెలోనే ఎక్కువ ఇముడుతుంది. చల్లారేకొద్దీ బయటికొస్తుంది."

ఇంతలో డైరెక్టరుగారి కారు వచ్చిందని కబురొచ్చింది. మాణిక్యాంబ ఆయనకు ఎదురువెళ్లింది. దారిలో నూనె ఒలికిపోతుందని పైడిరాజు డబ్బాను అంచుదాకా నింపి, మూత బిగించి, రెండు చేతులతో ఊపుకుంటూ తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆ పక్కనే హీటరు ఎర్రగా కాలుతోంది.

డైరెక్టరుగారు లోపలికి వచ్చారు. పైడిరాజు ఉత్సాహంగా వివరిస్తున్నాడు. మాణిక్యాంబ చూపు డబ్బా మీద పడింది. దాని పక్కలు ఉబ్బి ఉన్నాయి.

"అందరూ వెనక్కి వెళ్లండి!" అని అరిచి, ముందు హీటరు ఆపేసింది. డబ్బాను ఎత్తుకుని ఆరుబయటికి పరుగెత్తింది. గుమ్మం దాటి కింద పెట్టబోతుండగా మూత పేలి ఎగిరింది. దాని అంచు ఆమె కుడి అరచేతిని లోతుగా కోసింది. నూనె నురగలు కక్కుతూ నేలంతా పరుచుకుంది. అంటుకోవడానికి దగ్గరలో నిప్పు లేదు కాబట్టి ప్రయోగశాల మిగిలింది.

పైడిరాజు తన చొక్కా విప్పి ఆమె చేతికి చుట్టాడు.

"డబ్బా నాసిరకందా?" అని అడిగారు డైరెక్టరుగారు.

అవునంటే సరిపోయేది. పైడిరాజు అలా అనలేదు.

"కాదండీ. మూత బిగించొద్దని ఆవిడ చెప్పారు. నేనే వినలేదు" అన్నాడు.

గాయం మానింది కాని, మాణిక్యాంబ చూపుడువేలు మళ్లీ వంగలేదు. ఆమె ఎడమచేత్తో రాయడం నేర్చుకుంది. పైడిరాజు క్షమాపణ అడిగినప్పుడు, "వేలు ఎలాగూ రాదు. ఇకమీద ఎవరైనా ఆగమంటే ఆగండి, చాలు" అంది.

అతను ఆగడం నేర్చుకున్నాడు. నూనె ఎంత తేటగా ఉన్నా, అందులో ఇమిడిన వాయువంతా పోయేదాకా పాత్ర దగ్గరే నిలబడేవాడు. ఎవరైనా జాగ్రత్త చెబితే ఎందుకో అడిగి తెలుసుకునేవాడు, చూపించమనేవాడు కాదు.

కంటికి కనబడలేదు కదా అని అపాయమే లేదనుకునేవాడి తప్పుకు, తరచుగా అతని పక్కవాళ్లే మూల్యం చెల్లిస్తారు.