మిగిలిన నూట నలభై నాలుగు

పొద్దు వాలుతోంది. లక్ష ప్రమిదలు పేర్చడం అయింది అనుకునేసరికి నూట నలభై నాలుగు మిగిలిపోయాయి. మా తాతగారి తండ్రి విస్సన్నగారు నాగావళి ఇసుకలో వాటి ముందు కూలబడిపోయారు.

ఊళ్లో కలరా తగ్గితే కార్తిక పౌర్ణమికి లక్ష దీపాలు వెలిగిస్తామని ఊరంతా మొక్కుకుంది. దేవుడి దయవల్ల తగ్గింది. విస్సన్నగారు అప్పుడు చిదంబరయోగిగారి శిష్యులు, లెక్కల్లో దిట్ట. అంతకు ముందేడు పదివేల దీపాలను వరుసకు నూరు చొప్పున నూరు వరుసలు, చక్కని చదరంగా పేర్చారు. ఆ ధీమాతో, "లక్షా అంతే! నాలుగు వైపులా సమంగా పేరుస్తాను. ఒక్కటి మిగిలినా ఇక గణితం మాటెత్తను" అని అందరి ముందూ అనేశారు. ఒక్క సున్నా పెరిగితే ఏమవుతుందో లెక్కవేసి చూసుకోలేదు.

వరుసకు మూడువందల పదహారు. అలాంటివి మూడువందల పదహారు వరుసలు. అవి పోగా మిగిలినవి ఇవి. చదరం ఇంకొక్క వరుస పెరగాలంటే మరో నాలుగువందల ఎనభై తొమ్మిది కావాలి.

"స్వామీ, కుమ్మరి గవరమ్మ దగ్గర ఇంకో ఐదువందలు ఉన్నాయేమో అడగనా?" అన్నారు పక్కనే ఉన్న యోగిగారితో.

"మొక్కింది లక్షే కదా నాయనా."

"పోనీ, ఇవి పక్కన పెట్టేస్తే?"

"అప్పుడూ లక్ష కాదు కదా."

"అయితే నా మాట పోయినట్టే" అన్నారు విస్సన్నగారు.

యోగిగారు మిగిలిన ప్రమిదలు గంపకెత్తించి, ఒక వైపు తామూ పట్టుకుని గట్టెక్కారు. తిన్నగా గవరమ్మ వాకిట్లో దింపారు. ఆ లక్షా ఆవిడా, ఇద్దరు కోడళ్లూ ఆర్నెల్లు కూర్చుని చేసినవే.

గవరమ్మ కంగారుగా బయటికొచ్చింది. "ఏటి పంతులుబాబూ, పగిలినవేటైనా ఒచ్చీసేయా?"

"లేదు గవరమ్మా. మిగిలాయి" అన్నారు విస్సన్నగారు.

"మిగిలీయా! లెక్క తగ్గిపోద్దని మేం ఇంట్లో ఒక్కటీ ఎలిగించుకోనేదు బాబూ. కార్తికమొచ్చిన కాణ్ణుంచీ సీకట్లోనే దణ్ణమెట్టుకున్నాం."

విస్సన్నగారు తల దించుకున్నారు.

"ఇక్కడ పేర్చు" అన్నారు యోగిగారు.

కోడళ్లు వాకిలి ఊడ్చి నీళ్లు చల్లారు. విస్సన్నగారు మొదటి వరుసకు పది ప్రమిదలు పెట్టారు. యోగిగారు వంగి, దాని పక్కన ఇంకో రెండు పెట్టారు.

రెండో వరుస, మూడో వరుస... పన్నెండో వరుసలో పన్నెండో ప్రమిద పెట్టి గంపలో చెయ్యి పెడితే ఏమీ తగల్లేదు. విస్సన్నగారు వరుసలు ఇటునుంచీ, అటునుంచీ లెక్కపెట్టారు.

"స్వామీ... ఇదీ చదరమే."

యోగిగారు నూనె పోయించి, వెలుగుతున్న వత్తి తెచ్చి గవరమ్మకు అందించారు.

"నానెలిగించాలా సామీ? అక్కడ ఏట్లో జనం కాసుక్కూసున్నారు!"

"కూర్చోనీ తల్లీ."

గవరమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుని, కళ్లకద్దుకుని, ఒక ప్రమిద వెలిగించింది.

యోగిగారు శిష్యుడి వైపు తిరిగారు.

"లెక్కపెట్టు విస్సన్నా. ఒకటి."