పేరు పెట్టని తాడు

అనగనగా తాళ్ళు పేనుకుని బతికే ఒక ఊరు. ఆ ఊళ్ళో నూకాలు అని ఒకావిడ ఉండేది. ఆవిడకి ఐదేళ్ళ కూతురు, పేరు పైడి. నాన్న తాళ్ళు అమ్మడానికి సంతలకి వెళితే వారం దాకా రాడు. ఇంట్లో తల్లీకూతుళ్ళే. ఏయ్, ముందు నువ్వు ఆ కాళ్ళు ఆడించడం ఆపు, అప్పుడు మిగతా కథ చెబుతాను.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. తాడు పేనడం అయిపోగానే కొస పట్టుకున్నవాళ్ళు "ఏం తాడు?" అని అడగాలి. పేనినవాళ్ళు దాని పేరు చెప్పాలి. ఆవు మెడకి వేసేదైతే పలుపు. ఎద్దు ముక్కున వేసేదైతే ముకుతాడు. బావిలో నీళ్ళు చేదేదైతే చేంతాడు. ఏ పనికైతే ఆ పేరు. పేరు చెప్పాకే తాడుని చుట్టచుట్టి లోపల పెట్టేవారు. ఎందుకని అడిగితే మాత్రం పెద్దవాళ్ళు మాట మార్చేసేవారు.

ఒకరోజు నూకాలు గోగునారతో తాడు పేనుతోంది. పైడి కొస పట్టుకుంది. తాడు పూర్తయిందో లేదో, టపటపా వాన మొదలైంది. వాకిట్లో ఆరేసిన నారంతా తడిసిపోతోంది.

"ఏం తాడమ్మా?" అని పైడి అడిగింది.

"ఏదో ఒకటిలే, గుంటా! ముందా నార లోపలెయ్యి," అని కసిరి, నూకాలు ఆ తాడుని మూలకి విసిరేసింది. ఆ తర్వాత సంగతే మరిచిపోయింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం కోడిపెట్ట కనపడలేదు. వెతగ్గా వెతగ్గా రోటి వెనక దొరికింది. దాని కాళ్ళు రెండూ ఆ తాడుతో కట్టేసి ఉన్నాయి. పైడి పనే అనుకుని నూకాలు పిల్ల వీపు మీద రెండు అంటించింది. పాపం, ఆ పిల్లకి ఏమీ తెలీదు.

ఆ తర్వాతి రోజు, సరిగ్గా అదే వేళకి, మేక. నాలుగు కాళ్ళూ కలిపి కట్టేసి ఉన్నాయి. మేక అరవడం లేదు. కళ్ళు మాత్రం ఇంత చేసుకుని తాడుకేసే చూస్తోంది. పిడికెడు పిల్ల మేకని అలా కట్టగలదా? నూకాలు తాడు విప్పి, దానికో రాయి కట్టి, ఊరవతల ఏట్లో పడేసి వచ్చింది. పీడ విరగడైందనుకుంది.

మూడోరోజు మధ్యాహ్నం వంటింట్లో గంజి వారుస్తుంటే, పక్కగదిలో నేల మీద ఏదో ఈడ్చుకుంటూ పోతున్న చప్పుడు. వెళ్ళి చూస్తే ఏముంది! పైడి నేల మీద పడి ఉంది. పాదాల నుంచి నడుము దాకా అదే తాడు చుట్టుకుని ఉంది. ఏట్లో వేసిన తాడుకి చుక్క తడి లేదు. నూకాలు కత్తిపీట తెచ్చి కోసింది. తెగిన చోటల్లా నార మళ్ళీ దానంతట అదే పేనుకుంది.

"ఏటి కావాలే నీకు?" అని నూకాలు ఏడుస్తూ అడిగింది. తాడు ఆగింది. మాట కోసం చూస్తున్నట్టు కొస పైకెత్తింది. అప్పుడు నూకాలుకి అర్థమైంది. పేరు లేని తాడుకి దాని పనేమిటో తెలీదు, దొరికినదాన్నల్లా కట్టేస్తోంది.

కంగారులో "పలుపు!" అనేసింది. తాడు గబగబా పిల్ల మెడకి ఎక్కింది.

"కాదు కాదు! చేంతాడు!" అంది. తాడు మెడ వదిలి, పిల్లని పెరట్లో బావి వైపు ఈడ్చుకుపోయింది.

నూకాలు కూతుర్ని కావలించుకుని తనూ నేల మీద జారుతూ వెంట పోయింది. కాళ్ళు బావి గట్టుకి తగిలాయి. ఇంకొక్క మాట తప్పు చెబితే పిల్ల దక్కదు. ఈ పిల్లని పట్టుకుని ఉండి కూడా ఏడిపించని తాడు ఏదైనా ఉందా?

"ఉయ్యాల తాడు!" అంది. "నువ్వు ఉయ్యాల తాడువే, తల్లీ!"

తాడు వదులైంది. చుట్టు తర్వాత చుట్టు విడిపోయింది. పాక్కుంటూ ఇంట్లోకి వెళ్ళి, దూలం ఎక్కి, ఉయ్యాలలా కిందికి వేలాడింది. పిల్లలకి భయమెంతసేపు? పైడి సాయంత్రానికే దాన్లో ఎక్కి కూర్చుంది.

"ఎవరమ్మా ఊపుతున్నారు?" అంది ఊగుతూ. నూకాలు చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి.

"ఊగు, అడక్కు," అంది నూకాలు.

ఆ తర్వాత పైడి పెద్దదై అత్తారింటికి వెళ్ళిపోయింది. తాడు మాత్రం తెగలేదు. మధ్యాహ్నం పూట ఖాళీ ఉయ్యాల కాసేపు దానంతట అదే ఊగేది. అలా ఊగి ఊగి ఆగిపోయేది. అప్పుడు మెల్లగా కిందికి సాగి, నేలంతా తడుముకునేది.

అందుకని నూకాలు తల నెరిసినా సరే, తినే అన్నం వదిలేసైనా సరే, రోజూ ఆ వేళకి వచ్చి ఉయ్యాలెక్కేది. పొద్దు వాలేదాకా దిగేది కాదు. ఊళ్ళోవాళ్ళు చూసి, "ఈ వయసులో ఉయ్యాలేటే, ముసలీ?" అని పకపకా నవ్వేవారు.

"పేరు పెట్టినాను కదా," అనేది నూకాలు, తాడుని గట్టిగా పట్టుకుని. "పని చూపించొద్దేటి?"

కథ పోయె కంచికి, కునుకు వచ్చె కంటికి,
ఉయ్యాలెక్కె నూకాలమ్మ, మనం పోదాం ఇంటికి.