చెంగడు పూడ్చని గుంత

ఇప్పలకోన అడవిలో కుందేళ్లు, జింకలు, అడవిపందులు, కొండముచ్చులు, ఉడతలు, ఇంకా చిన్నాచితకా జంతువులు చాలా ఉండేవి. వాటన్నిటికీ కలిపి ఒకటే కాలేజీ. ఆ కాలేజీకి ఒక ఫుట్‌బాల్ జట్టు. ఆ జట్టు ఒక్కసారి కూడా కప్పు గెలవలేదు. కప్పు పెట్టడానికని కాలేజీ గోడకు ఏనాడో ఒక చెక్క బిగించారు. దాని మీద ఒక సాలీడు హాయిగా కాపురం ఉండేది.

జట్టు కెప్టెన్ కందయ్య అనే అడవిపంది. గోల్‌కీపర్ కూడా అతనే. అతను నిలబడితే సగం గోలు మూసుకుపోయేది. కందయ్యకు కాలేజీలో అదే చివరి ఏడు. ప్రతి ఏడూ ఓడిపోయి, "పోనీలే, వచ్చే ఏడు చూద్దాం" అనుకునేవాడు. ఇప్పుడు అతనికి వచ్చే ఏడు లేదు.

ఆ ఏడే జట్టులోకి చెంగడు అనే కృష్ణజింక వచ్చాడు. అబ్బో, వాడి పరుగు చూసి తీరాలి! మొదటి మ్యాచ్‌లో మూడు గోల్స్ కొట్టాడు. రెండో మ్యాచ్‌లో నాలుగు. అడవిలో ఏ కొమ్మ కింద విన్నా వాడి పేరే. కందయ్య మనసులో చాలాకాలానికి ఆశ పుట్టింది.

ఆ జట్టులో ఒక పద్ధతి ఉంది. పరిగెత్తేటప్పుడు డెక్కలు గుచ్చుకుని మైదానంలో గుంతలు పడతాయి కదా! ఆట అయిపోయాక ఎవరి గుంతలు వాళ్లే పూడ్చాలి. చెదపుట్ట మన్ను తట్టలో తెచ్చి పోయాలి. నీళ్లు చిలకరించి, గట్టిపడేదాకా తొక్కాలి. కోచ్ తాబేలు మాస్టారు పెట్టిన పద్ధతి అది. రోజూ సాయంత్రం ఆయన మైదానం చుట్టూ ఒకసారి తిరిగి చూసేవారు. ఆ ఒక్క చుట్టుకు గంటన్నర పట్టేది. అది వేరే సంగతి.

మొదట్లో చెంగడు కూడా బుద్ధిగా మన్ను మోశాడు. అయిదో మ్యాచ్ గెలిచాక మట్టి తట్టను చూసి మొహం తిప్పుకున్నాడు.

"గోల్స్ కొట్టేదీ నేనే, మన్ను మోసేదీ నేనేనా అన్నా?" అన్నాడు కందయ్యతో.

కుందేలు తెల్లమ్మకు ఒళ్లు మండింది. "మేం బంతి అందిస్తేనే కదయ్యా నువ్వు కొట్టేది!" అంది.

"పోనీలే తెల్లమ్మా," అని కందయ్య సర్దిచెప్పాడు. చెంగడు అలిగితే కప్పు చేజారుతుందని అతని భయం. అందుకని తన గుంతలు పూడ్చుకుని, చెంగడి గుంతలు కూడా తనే పూడ్చాడు. చెంగడు గోలు కొట్టే ముందు ఎప్పుడూ ఒకేచోట వెనక కాలు తన్నిపట్టేవాడు. తూర్పు గోలు ముందు అక్కడ రోజూ మోకాలి లోతు గుంత పడేది. ఆ గుంతలోకి మన్ను నెట్టీ నెట్టీ పాపం కందయ్య మూతి పుండైపోయింది.

ఒకరోజు మాస్టారు ఆ మూతి చూశారు. "వాడి గుంత నువ్వు పూడుస్తున్నావు కదూ?"

"కప్పు వచ్చేదాకే మాస్టారూ."

"నువ్వు పూడ్చినన్నాళ్లూ అక్కడొక గుంత ఉందని వాడికి తెలియదు కందయ్యా," అన్నారు మాస్టారు.

కందయ్య తల ఊపాడు. మర్నాడు మళ్లీ వెళ్లి పూడ్చాడు. మంచివాళ్లతో ఇదే చిక్కు, చెప్తే వింటారు గాని మానరు.

ఆడిన మ్యాచ్‌లన్నీ గెలిచి జట్టు ఫైనల్‌కు వచ్చింది. రాళ్లగుట్ట నక్కల కాలేజీతో పోటీ. ఆట ఇప్పలకోన మైదానంలోనే. ముందురోజు కందయ్యకు ఆఖరి పరీక్ష ఉంది. పరీక్ష హాల్లో కాపలా మాస్టారిదే.

"తమ్ముడూ, ఈ ఒక్కరోజుకు నీ గుంత నువ్వు పూడ్చుకో," అన్నాడు కందయ్య.

"అదెంత పని అన్నా! నువ్వు వెళ్లి పరీక్ష రాసుకో," అన్నాడు చెంగడు. నిజంగానే పూడుద్దామనుకున్నాడు కూడా. ఇంతలో ఉడతలు వచ్చి చుట్టూ మూగాయి. "ఆ నాలుగో గోలు ఎలా కొట్టావో చెప్పవా?" అని అడిగాయి. చెంగడు చెప్పాడు. మళ్లీ చెప్పాడు. ఎవరూ అడగకపోయినా మూడోసారి కూడా చెప్పాడు. అప్పటికి పొద్దు వాలిపోయింది. చెదపుట్టలేమో దూరం. చెంగడు అటూ ఇటూ చూసి, ఎండుటాకులు గుంతలోకి లాగి, పైన ఇంత దుమ్ము చల్లాడు. చూడ్డానికి నేల చదునుగానే ఉంది. ఒక్కరోజుకు ఏమవుతుందిలే అనుకుని ఇంటికి పోయాడు.

ఫైనల్ చూడటానికి అడవంతా వచ్చింది. నక్కలు ముందే ఒక గోలు కొట్టాయి. సగం ఆట కాకముందే చెంగడు పడమటి గోల్లో బంతి వేసి సమానం చేశాడు. తర్వాత జట్లు వైపులు మారాయి. కందయ్య పది బంతులు ఆపాడు. మూతి పుండు మీద కూడా ఒకటి తగిలింది. అయినా ఆపాడు.

ఇంకో నిమిషమే ఉందనగా కందయ్య బంతిని తెల్లమ్మకు విసిరాడు. తెల్లమ్మ దాన్ని చెంగడికి అందించింది. నక్కల గోల్‌కీపర్ ఆశకొద్దీ చాలా ముందుకు వచ్చేసి ఉన్నాడు. తూర్పు గోలు ఖాళీ! చెంగడు ఎప్పుడూ తన్నిపట్టే చోటే వెనక కాలు తన్నిపట్టాడు.

ఆకులు కుంగాయి. కాలు మోకాలిదాకా దిగబడి మెలిపడింది. "అన్నా!" అని అరిచి చెంగడు కూలిపోయాడు.

ఆ కేక విని కందయ్య గోలు వదిలి రెండడుగులు ముందుకు వచ్చాడు. ఆ రెండడుగులు చాలు నక్కలకు. దొరికిన బంతిని బలంగా కొట్టాయి. అది కందయ్య తల మీదుగా వెళ్లి గోల్లో పడింది. కొండముచ్చు రిఫరీ ఈల వేశాడు.

కప్పు రాళ్లగుట్టకు వెళ్లిపోయింది. కందయ్య అందరి ముందే ఏడ్చాడు. ఏడుపు ఆగాక తట్ట తీసుకుని తన గుంతలు పూడ్చుకున్నాడు. అలవాటుకొద్దీ తూర్పు గోలు దగ్గరికి వెళ్లి మూతి వంచాడు. వంచి ఆగిపోయాడు.

కాలికి వెదురుబద్దల కట్టుతో చెంగడు అక్కడే కూర్చుని ఉన్నాడు. తల ఎత్తలేదు.

"అన్నా, నీ కప్పు నేనే పోగొట్టాను."

"నిన్ను తిట్టను తమ్ముడూ. ఇన్నాళ్లూ పూడ్చిపెట్టి నీకు మేలు చేస్తున్నాననుకున్నాను. అది నా తప్పు. ఈ గుంత మాత్రం నీది." కందయ్య తట్టను వాడి ముందు పెట్టాడు.

చెంగడు మూడు కాళ్ల మీద లేచాడు. ఆకులన్నీ బయటికి లాగాడు. కుంటుకుంటూ చెదపుట్ట దాకా వెళ్లి మన్ను తెచ్చాడు. అలా అయిదుసార్లు తిరిగాడు. జట్టంతా నిలబడి చూసింది. ఎవరూ సాయం చేయలేదు, ఎవరూ వదిలి వెళ్లలేదు.

ఆ వేసవిలో మాస్టారు తన ఈల కందయ్య మెడలో వేసి, "ఇకనుంచి కోచ్‌వి నువ్వే," అన్నారు. చెంగడి కాలు నయమైంది గాని పాత వేగం రాలేదు. బంతి అందించడం మాత్రం బాగా నేర్చుకున్నాడు. మరుసటి ఏడు ఫైనల్లో రెండు నక్కలను తన వైపు లాక్కుని బంతి తెల్లమ్మకు ఇచ్చాడు. తెల్లమ్మ గోలు కొట్టింది. ఇప్పలకోన గెలిచింది!

ఊరేగింపుకు డప్పులు వచ్చాయి. చెంగడు మాత్రం కనిపించలేదు. కందయ్య వెతుక్కుంటూ వెళ్తే, తూర్పు గోలు ముందు మన్ను తొక్కుతూ ఉన్నాడు.

"రారా, అంతా నీకోసం చూస్తున్నారు!"

"వస్తున్నా అన్నా. ఇంకొక్క గుంత ఉంది."

కందయ్య కప్పును గడ్డి మీద పెట్టి, పక్కనే కూర్చుని ఆ గుంత పూడేదాకా ఆగాడు. ఆ సాయంత్రం గోడ మీది సాలీడు కాపురం మార్చుకోవలసి వచ్చింది.

నీతి: ఎంత గొప్పవాడైనా తన వంతు పని తనే చేసుకోవాలి. అది ఎగ్గొడితే తనతోపాటు తనను నమ్ముకున్నవాళ్లు కూడా నష్టపోతారు.