అగ్గిబాట ఊడ్చిన కొండముచ్చు

అనగనగా ఒక అడవిలో, సొంత పేరు నచ్చని కొండముచ్చు ఒకడు ఉండేవాడు. వాళ్ళమ్మ వాడికి బుడిగాడని పేరు పెట్టింది. "ఇంత పొడుగు తోక ఉన్నవాడికి బుడిగాడేమిటి, అవమానం!" అనుకుని, వాడు తనకు తానే వాలేంద్రుడు అని పెట్టుకున్నాడు. వాలం అంటే తోక. తోకలన్నిటికీ ఇంద్రుడన్నమాట. పేరు పెట్టుకోవడానికి కష్టపడాలా ఏమన్నానా, చెప్పండి పిల్లలూ?

ఆ అడవికి ఆనుకుని ఒక గడ్డికొండ ఉండేది. ఎండాకాలంలో ఆ గడ్డి ఎండిపోయి, ఏదో ఒక మూల అంటుకునేది. ఆ మంట కొండ దిగి అడవిలోకి రాకుండా, గడ్డికీ చెట్లకీ మధ్య జంతువులన్నీ కలిసి వెడల్పాటి బాట ఒకటి చేసుకున్నాయి. ఆ బాట మీద ఎండుటాకు అన్నది ఉండకూడదు. కాలడానికి ఏమీ దొరక్కపోతే మంట అక్కడే ఆగి చచ్చిపోతుంది. దాన్ని అగ్గిబాట అనేవాళ్ళు. రోజూ పొద్దున్నే దాన్ని ఊడవాలి. పని అంతే.

ఊడ్చీ ఊడ్చీ ముసలి జంతువులకు నడుములు పట్టేశాయి. "ఇక కుర్రకారు చూసుకోవాలి" అన్నాయి. యువ సేవాదళం పెట్టారు. జీతం లేదు, బత్తెం లేదు. మనసున్నవాళ్ళు వచ్చి చేసే పని. నాయకుడికి మాత్రం మెడలో మోదుగ పూల దండ వేస్తారట.

వాలేంద్రుడికి బాట కనబడలేదు. దండ కనబడింది.

సభలో వాడు ఎత్తైన బండ ఎక్కి నిలబడ్డాడు.

"సోదరులారా! ఈ అడవి కోసం నా చెమట ఇస్తాను! నా రక్తం ఇస్తాను! అవసరమైతే నా తోక కూడా ఇస్తాను!" అన్నాడు.

"అవన్నీ ఉంచుకో నాయనా. పొద్దున్నే వస్తావా?" అని అడిగింది గుబిరవ్వ. గుబిరవ్వ ముసలి ఎలుగుబంటి. దాని నోటికి అడ్డూ ఆపూ లేదు.

రక్తం ఇస్తానన్న మహానుభావుణ్ణి పట్టుకుని, పొద్దున్నే వస్తావా అని అడగడమా! అందరూ అవ్వను "ఊరుకో" అని కసిరారు. వాలేంద్రుడి మెడలో దండ పడింది. బాటను ముక్కలుగా పంచుకున్నారు. వెదురు పొదల పక్కనున్న ముక్క నాయకుడి వంతుకు వచ్చింది.

మొదటిరోజు వాలేంద్రుడు వచ్చాడు. ఈతమట్ట పట్టుకుని భలే ఊడ్చాడు. ఎంతసేపంటే, గోరింక వచ్చి చూసేంతసేపు. గోరింకకు చూసిందానికి చిలవలు పలవలు చేర్చి చెప్పే విద్య ఉంది. "మన నాయకుడు ఒక్క ఊపు ఊపితే కొండమీది గాలి కూడా పక్కకు జరిగిందట!" అని అది అడవంతా చెప్పి వచ్చింది.

రెండోరోజు వచ్చి చూస్తే బాట నిండా మళ్ళీ ఆకులే.

"ఇదేమిటవ్వా! నిన్ననే కదా ఊడ్చాను!" అన్నాడు.

"నిన్ననే కదా తిన్నావు. ఇవాళ మళ్ళీ ఆకలెందుకేసింది బుడిగా?" అంది గుబిరవ్వ.

బుడిగా! నాయకుణ్ణి పట్టుకుని! వాలేంద్రుడు ఈతమట్ట పక్కన పడేశాడు. ఊడవడం అందరూ చేస్తారు, నాయకుడు చేయవలసిన పని వేరే ఏదో ఉండాలి అనుకున్నాడు. వెతికాడు. దొరికింది. భక్తి.

వాగు ఒడ్డున మద్దిచెట్టు కింద పసుపు పూసిన రాయి ఒకటి ఉండేది. అడవితల్లి అని జంతువులన్నీ దండం పెట్టుకునేవి. వాలేంద్రుడు పొద్దున్నే అక్కడ కూర్చోవడం మొదలుపెట్టాడు. కళ్ళు మూసుకునేవాడు. మధ్యమధ్య ఒక కన్ను తెరిచి, ఎవరైనా చూస్తున్నారా అని చూసేవాడు. పూజయ్యాక పూలదండలు తెచ్చి తన వంతు బాట మీద పరిచేవాడు. పాత దండలు తీసేవాడు కాదు. పుణ్యం పోతుందట.

బాట అవతలి చివరి ముక్క కంప అనే ముళ్ళపంది పిల్లది. అది వెనక్కి వెనక్కి నడుస్తూ ముళ్ళతోనే బాట ఊడ్చేది. చూడ్డానికి నవ్వొచ్చేది కానీ, అది నడిచిన చోట నేల అద్దంలా ఉండేది.

ఒకరోజు కంప వచ్చి, "వాలేంద్రన్నా, నీ ముక్కలో ఆకులు పేరుకున్నాయి. ఊడుద్దువు రా" అంది.

"ఇవాళ ఉపవాసం చెల్లీ. నీరసం" అన్నాడు. అప్పుడే తిన్న పండు రసం వాడి మూతికి ఇంకా అంటుకునే ఉంది.

మరోరోజు వచ్చి పిలిచింది.

"ఇవాళ ఉపన్యాసం ఉంది. క్రమశిక్షణ మీద" అన్నాడు. ఆ ఉపన్యాసానికి వాడే ఆలస్యంగా వెళ్ళాడు.

ఇంకోరోజు వచ్చింది. ఈసారి దాని గొంతులో భయం ఉంది. "అన్నా, వడగాలి మొదలైంది. వెదురు పొదల్లో జింకత్త బిడ్డను దాచుకుంది. నీ ముక్క అట్లాగే ఉంటే ఎట్లా?"

వాలేంద్రుడు జాలిగా నవ్వాడు. "పిచ్చిదానా, నీకు నమ్మకం తక్కువ. ఆ తల్లిని నమ్మినవాడికి చీపురెందుకు? నా ముక్క ఆవిడకు అప్పజెప్పాను. ఆవిడే చూసుకుంటుంది."

ఒక్క మాట చెబుతాను వినండి పిల్లలూ. నాయకుడు చెప్పింది ఎవరూ వినరు. చేసింది మాత్రం అందరూ చేస్తారు. కుందేలుకు భక్తి పుట్టింది. ఉడుతకు ఉపవాసాలు మొదలయ్యాయి. అడవి మొత్తం పుణ్యాత్ములతో నిండిపోయింది. బాట మీద చివరికి మిగిలింది గుబిరవ్వ, కంప. వాళ్ళిద్దరూ తమ ముక్కలు ఊడ్చుకుని, చేతనైనంత మేర మిగతావాళ్ళవీ ఊడ్చారు. వెదురు పొదల దాకా రాలేకపోయారు.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం గడ్డికొండ మీద పొగ లేచింది.

గాలికి మంట చూస్తుండగానే కొండ దిగింది. అవ్వ ఊడ్చిన చోట అగ్గిబాట దాకా వచ్చి, అటూ ఇటూ నాలుక చాపి, ఏమీ దొరక్క చచ్చిపోయింది. కంప ఊడ్చిన చోటా అంతే. అట్లా వెతుక్కుంటూ వెతుక్కుంటూ వాలేంద్రుడి ముక్క దగ్గరికి వచ్చింది. అక్కడ మోకాలెత్తు ఆకులు. వాటి మీద కరకరలాడే ఎండు పూలదండలు. మంటకు అంతకన్నా మర్యాద ఇంకెవరు చేస్తారు? ఒక్క గంతులో బాట దాటి వెదురు పొదలను పట్టుకుంది.

వాలేంద్రుడు చిటారుకొమ్మ ఎక్కి, "తల్లీ! కాపాడు తల్లీ!" అని కేకలు పెట్టాడు.

"ఆవిడ వింటోంది గానీ, ముందు నువ్వు పచ్చికొమ్మ విరుచుకుని దిగరా!" అని అరిచింది గుబిరవ్వ.

ఆ అరుపుకు వాడు చెట్టు దిగాడు. కాదు, దాదాపు పడ్డాడు. పచ్చికొమ్మ విరిచి మంటను కొట్టాడు. కళ్ళు మండాయి. ఒంటిమీది బొచ్చు కమిలింది. పక్కన కుందేలు మట్టి ఎగజిమ్ముతోంది. కంప ముక్కుతో నేల తవ్వి మంట దారి తెగ్గొడుతోంది. గుబిరవ్వ మండుతున్న పొదలోకి దూరి, జింకపిల్లను మెడ దగ్గర కరిచి పట్టుకుని బయటికొచ్చింది. అవ్వ ముందుకాళ్ళు రెండూ కాలిపోయాయి.

సాయంత్రానికి మంట వాగు దగ్గర ఆగింది. వెదురు పొదలు లేవు. గోరింక తొర్ర ఉన్న చెట్టు లేదు. ఆ తొర్రలో దాని గుడ్లు ఉండేవి. గోరింక ఆ బూడిద చుట్టూ తిరుగుతూనే ఉంది.

మర్నాడు సభ పెట్టారు. తప్పెవరిదో తేల్చాలి కదా.

"గాలిది" అంది కుందేలు.

"ఎండది" అంది ఉడుత.

"ముందు ఒక సంఘం వేసి విచారిద్దాం" అంది మరొకటి.

ఇంతలో కొండకు అవతలి అడవి నుంచి రెండు అడవిపందులు వచ్చాయి. తంగేడు పూల దండ పట్టుకొచ్చాయి. వార్త కొండ దాటేసరికి దాని రూపం మారిపోయింది మరి.

"మంటకు ఎదురు నిలిచి అడవిని కాపాడిన వాలేంద్రుడుగారు మీరేనా? మా కుర్రకారుకు మీలాంటి నాయకుడు కావాలి. మాతో రండి బాబూ. మీకు ఏ పనీ ఉండదు, ఊరికే మాట్లాడితే చాలు" అన్నాయి.

ఏ పనీ లేదట! ఊరికే మాట్లాడాలట! వాలేంద్రుడు ఇన్నాళ్ళూ కలలు కన్నది అదే కదా. వాడు ఆ దండకేసి చూశాడు. చెయ్యి చాచబోయాడు కూడా. అప్పుడు అవ్వ కాళ్ళు కనబడ్డాయి. కంప వాటికి ఆకుపసరు రాస్తోంది. పక్కన జింకపిల్ల పడుకుని ఉంది. అది కాలిన ఆ కాళ్ళను మెల్లగా నాకుతోంది.

వాడు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"నేను అడవిని కాపాడలేదు" అన్నాడు. "నా వంతు బాట నేను ఊడవలేదు. మంట అక్కడినుంచే వచ్చింది. గాలిది కాదు, ఎండది కాదు. నాదే తప్పు."

నిజం చెప్పినవాణ్ణి లోకం నెత్తిన పెట్టుకుంటుందని పెద్దవాళ్ళు చెబుతారు. పాపం, వాలేంద్రుణ్ణి ఎవరూ పెట్టుకోలేదు. అడవిపందులు దండతో సహా వెనక్కి పోయాయి. నిన్నటిదాకా వాడి పక్కన కూర్చుని జపం చేసిన కుందేలే అందరికన్నా గట్టిగా తిట్టింది. వాణ్ణి నాయకత్వం నుంచి తీసేశారు. కంపను నాయకురాలిని చేశారు.

కంప బండ ఎక్కలేదు. ఉన్నచోటే నిలబడి, "పొద్దున్నే రండి. ఆలస్యంగా వస్తే నా ముళ్ళు ఉన్నాయి" అంది. ఆ అడవిలో అంత చిన్న ఉపన్యాసం అంతకుముందు ఎవరూ ఇవ్వలేదు.

మర్నాడు తెల్లవారకముందే బాట మీద ఎవరో ఊడుస్తున్నారు. వాలేంద్రుడు. పక్కనున్నవాళ్ళు వాడితో మాట్లాడలేదు. వాడు తన ముక్క ఊడ్చాడు. ఆపైన అవ్వ ముక్క ఊడ్చాడు. చేతులు బొబ్బలెక్కాయి. తోక నిండా పల్లేరుకాయలు గుచ్చుకున్నాయి. వాడు చెమట తుడుచుకుని వెనక్కి తిరిగి చూసేసరికి, ఊడ్చినచోటే మళ్ళీ ఆకులు రాలాయి. వాడికి ఏడుపొచ్చింది.

అవ్వ ఒక రాయికి ఆనుకుని చూస్తోంది.

"అవ్వా, నువ్వు కూడా రోజూ అడవితల్లికి దండం పెడతావు కదా. ఏమడుగుతావు?" అన్నాడు.

"రేపు పొద్దున్నే లేపు తల్లీ అంటాను. లేపడం ఆవిడ పని. ఊడవడం నా పని. ఒకరి పని ఒకరం ముట్టుకోం."

"ఆవిడ వింటుందని నమ్మకమేమిటి?"

"ఇన్నేళ్ళుగా లేస్తున్నాను కదరా. మంట ఎప్పుడొస్తుందో నాకు తెలియదు. అసలు రాకపోవచ్చు. అయినా దానికోసం ఊడుస్తాను చూడు, దాన్నే నమ్మకమంటారు. కళ్ళు మూసుకుని కూర్చుంటే నిద్ర అంటారు."

వాడు మద్దిచెట్టు దగ్గరికి వెళ్ళాడు. ఈసారి ఒక కన్ను తెరిచి చూడలేదు. "రేపు లేపు తల్లీ" అని ఒక్క మాట అని వచ్చేశాడు.

అంతటితో వాడు మహాత్ముడైపోయాడని అనుకోకండి. కొన్ని పొద్దులు విసుగొచ్చేది. ఒకనాడైతే ఈతమట్ట విసిరేసి వాగు దాకా వెళ్ళిపోయాడు. నీళ్ళు తాగి, కాసేపు తనను తాను తిట్టుకుని, తిరిగొచ్చాడు. కంప వాణ్ణి చూసింది. పడి ఉన్న ఈతమట్ట తీసి చేతికిచ్చింది.

వానలొచ్చాయి, పోయాయి. కాలిన చోట వెదురు మళ్ళీ పిలకలేసింది. కొత్తగా సేవాదళంలో చేరినవాళ్ళలో విసుక్కునేవాళ్ళను కంప వాలేంద్రుడి పక్కన వేసేది. వాడు వాళ్ళకు నీతులు చెప్పేవాడు కాదు. వాళ్ళకన్నా ముందు వచ్చేవాడు, వాళ్ళ తరవాత వెళ్ళేవాడు. కొన్నాళ్ళకు వాళ్ళకే సిగ్గేసి తొందరగా రావడం మొదలుపెట్టారు. కుందేలు కూడా వచ్చింది. దాని భక్తి ఎక్కడ పోయిందో ఎవరూ అడగలేదు.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం అడవంతా నీడ పట్టున కునుకు తీస్తోంది. గడ్డికొండ మళ్ళీ అంటుకుంది. బాట మీద వాలేంద్రుడు ఒక్కడే ఉన్నాడు. పచ్చికొమ్మ పట్టుకుని నిలబడ్డాడు. మంట ఉరుకుతూ వచ్చింది. బాట అంచున ఆగింది. ఇటు వెతికింది, అటు వెతికింది. వెదురు పొదల దగ్గర ఆశగా కాసేపు నిలబడింది. ఎక్కడా ఒక్క ఆకు దొరకలేదు. ఆకలితో అక్కడే చల్లారిపోయింది.

వాడు బాట పొడవునా నడిచి, ఎగిరిపడిన నిప్పురవ్వలను ఒక్కొక్కటే మట్టి కప్పి ఆర్పాడు.

పొగ వాసనకు జింకత్త ఉలిక్కిపడి లేచింది. పక్కనే బిడ్డ నిద్రపోతోంది.

"ఏమైంది నాయనా? ఏమన్నా జరిగిందా?" అని అడిగింది.

వాలేంద్రుడు మసిపట్టిన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఏమీ జరగలేదత్తా. పడుకో" అన్నాడు.

నీతి: దేవుణ్ణి నమ్మినవాడు తన వంతు పనిని దేవుడి నెత్తిన పెట్టడు, నలుగురిని నడిపించేవాడు నలుగురికన్నా ముందు లేస్తాడు.