దోసిట్లో ముక్క

ముచ్చటగా మూడో పలక కూడా పగిలింది. హిమజకు ఏడుపొక్కటే తక్కువ.

ఆ పలక పేరు ఏరోజెల్. గాజుకు మూలమైన సిలికాతోనే చేస్తారు, కానీ అందులో దాదాపు అంతా గాలే. మహావేగంతో వచ్చే కణం దాన్ని దాటేటప్పుడు సన్నటి నీలి వెలుగు పుడుతుంది. ఆ వెలుగును బట్టే కణాన్ని గుర్తుపడతారు. పలకలో పగులుంటే వెలుగు చెదిరిపోతుంది. రేపటి ప్రయోగానికి మంచి పలక ఇవ్వలేకపోతే హిమజ పనిని పక్కన పెట్టేసి, వేరేవాళ్ళ పలక వాడతారు.

"పాళ్ళు మార్చాను, వేడి మార్చాను. ఇంకేం మార్చాలి సార్?" అని గురువు శరభయ్యగారిని అడిగింది.

ఆయన పగిలిన పలకలకేసి చూడలేదు. ఆమె చేతులకేసి చూశారు.

"నాలుగోది ఎక్కడుంది?"

"లోపలే ఉంది సార్. ప్రెషర్ వదులుతున్నాను."

పలకను ఆరబెట్టే ఉక్కుపాత్రలోంచి గ్యాసు సన్నగా బుసకొడుతూ పోతోంది. గేజులో ముల్లు దిగీ దిగనట్టు దిగుతోంది. అది సున్నాకు దగ్గరపడేసరికి హిమజ ప్రాణం ఆగలేదు. ఆలస్యం అమృతం విషం అని వింటూ పెరిగిన పిల్ల. గ్యాసు త్వరగా పోవాలని, వెనకటి మూడుసార్లలాగే, తనకు తెలియకుండానే చెయ్యి వాల్వు తిప్పడానికి పోయింది.

"అమ్మాయ్, దోసిలి పట్టు."

పట్టింది. ఆయన మూడో పలక తాలూకు ముక్కొకటి అందులో పెట్టారు.

"పోనివ్వకు."

దానికి బరువే లేదు. గట్టిగా ఊపిరి వదిలితే ఎగిరిపోతుంది. వేళ్ళు ముడిస్తే పొడైపోతుంది.

"సార్, వాల్వు..."

"ముక్క సంగతి చూడు."

ఆమెకు ఒళ్ళు మండింది. విసురుగా ఊపిరి వదిలేసరికి ముక్క కదిలింది. భయపడి ఊపిరి నెమ్మదించుకుంది. అలాగే నిలబడింది. చేతులు లాగుతున్నా దించలేదు. పాత్ర బుస సన్నగిల్లి, ఎప్పుడో ఆగిపోయింది. ముల్లు సున్నా మీద నిలిచింది.

"మూత తియ్యి" అన్నారు శరభయ్యగారు.

హిమజ కదల్లేదు.

"ఇంకాసేపు ఆగుదాం సార్."

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. చాలాసేపటికి ఆయనే లేచి మూత తీసి, పలకను నల్లగుడ్డ మీద పెట్టారు. అది వంటింటి పొగలా నీలంగా ఉంది. ఎక్కడా గీత లేదు.

హిమజ దోసిలి ఇంకా అలాగే ఉంది. శరభయ్యగారు వంగి, అందులోని ముక్కను ఉఫ్‌మని ఊదేశారు.

"ఇక దీంతో నీకు పని లేదు."