కోచ్ రాయించిన జవాబులు

సన్యాసినాయుడు సముద్రం పక్క ఊళ్లో ఆడపిల్లల వెయిట్‌లిఫ్టింగ్ హాస్టల్‌కు కోచ్. తనకు నచ్చని జవాబు ఎవరి నోటా రానిచ్చేవాడు కాదు. రోజూ పొద్దున్నే పిల్లల్ని కాటా ఎక్కించేవాడు. అరకిలో పెరిగిన పిల్లను అందరి ముందూ నిలబెట్టి, “నిన్న ఏం మింగావే?” అని అరిచేవాడు. హాలంతా తల దించుకునేది. దాన్నే ఆయన క్రమశిక్షణ అనుకునేవాడు.

ఒకరోజు వైద్య కళాశాల నుంచి డాక్టర్ శేషుకుమారి వచ్చింది. తిండి విషయంలో జబ్బు పడుతున్న పిల్లల్ని ముందే గుర్తుపట్టడం ఎలా అని ఆమె పరిశోధన చేస్తోంది. పిల్లలు ముందుగా ముప్పై ప్రశ్నల కాగితం నింపాలి. తర్వాత, ఒప్పుకున్నవాళ్లకు స్కానింగ్ యంత్రంలో తిండి బొమ్మలు చూపిస్తూ మెదడు ఎలా స్పందిస్తుందో చూస్తారు.

కాగితాలు పంచుతుంటే నాయుడు చేతులు కట్టుకుని పిల్లల వెనక తిరిగాడు. “తిన్నది కక్కుతున్నావా, దాచుకుని తింటున్నావా అట. ఇవేం ప్రశ్నలు? మన హాస్టల్లో జబ్బులు లేవు. అన్నిటికీ లేదు అని రాసి ఇచ్చెయ్యండి” అన్నాడు. డాక్టర్ ఆయన వైపు ఒకసారి చూసింది. కాగితాలు పంచుతూ ముందుకు వెళ్లింది.

పద్దెనిమిదేళ్ల హైమావతి ఆ హాస్టల్లో అందరికన్నా ఎక్కువ బరువులెత్తే పిల్ల. నాయుడి ఆశలన్నీ ఆమె మీదే. ఆమె కూడా ముప్పై ప్రశ్నలకూ ‘లేదు’ అనే రాసింది. స్కానింగ్‌కూ వెళ్లింది.

వారం తిరక్కుండా డాక్టర్ మళ్లీ వచ్చింది.

“హైమావతితో విడిగా మాట్లాడాలి. రాసినదానికీ, స్కానింగ్‌లో కనిపించినదానికీ పొంతన కుదరడం లేదు” అంది.

“అంటే మీ యంత్రం జబ్బని తేల్చేసిందా?”

“యంత్రం ఒక్కటే ఏదీ తేల్చదు. అందుకే పిల్లను అడగాలంటున్నాను. మీరు లేకుండా.”

ఆ చివరి మాటకు నాయుడికి ఒళ్లు మండిపోయింది. “పది రోజుల్లో రాష్ట్ర పోటీలు. దాని బుర్రలోకి లేనిపోని భయాలు ఎక్కించకండి” అని ఆమెను గేటు దాకా సాగనంపి, గేటు వేయించాడు.

పోటీలో హైమావతి మొదటి బరువు ఎత్తింది. రెండోది తల మీదికి లేపాక మోచేతులు వణికాయి. కళ్లు తేలేసి వెనక్కి పడిపోయింది. ఇనప కడ్డీ కింద కుడి మణికట్టు విరిగింది.

నెలల తరబడి ఆమె తిన్నదంతా కక్కేస్తోందని, ఒంట్లో లవణాలు పడిపోయి గుండె లయ తప్పిందని ఆసుపత్రిలో తేలింది. నాయుడు మంచం దగ్గర నిలబడి ఆమె మీదే మండిపడ్డాడు. “ఆ కాగితంలో అడిగారు కదే. అప్పుడే ఎందుకు చెప్పలేదు?”

హైమావతి గొంతు పెంచలేదు. కానీ చూపు తిప్పుకోలేదు.

“తిండి విషయంలో ఎవరికైనా భయపడుతున్నావా అని ఏడో ప్రశ్న సార్. మీరు నా కుర్చీ వెనకే ఉన్నారు. మీ బూట్లు చూసి లేదు అని రాశాను. కాటా దగ్గర మీరు తిట్టిన ప్రతి రోజూ బాత్రూంలో తలుపేసుకుని కక్కుకున్నాను. మీకిప్పుడు జవాబు కావాలా? అయితే రాసుకోండి. అవును.”

విరుచుకుపడటమే తెలిసిన మనిషికి ఆ రోజు తను తప్ప ఎవరూ దొరకలేదు.

ఆయన నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్లాడు. “తప్పు నాదే మేడం” అన్నాడు.

“మీదే. మిమ్మల్ని ఆ గదిలోంచి పంపెయ్యని తప్పు నాది. క్షమాపణలు వినే ఓపిక నాకు లేదు నాయుడుగారూ. మిగిలిన పిల్లల సంగతి చూడండి” అందామె కోపంగా.

మర్నాడే నాయుడు హాల్లోంచి కాటా తీయించేశాడు. కాగితాలు మళ్లీ పంచినప్పుడు గేటు అవతల కూర్చున్నాడు. ఈసారి హాస్టల్లోని ఇరవై ఇద్దరిలో ఎనిమిదిమంది ‘అవును’ అని రాశారు. వాళ్లకు వెంటనే వైద్యం మొదలైంది. హైమావతి కూడా మెల్లగా కోలుకుంది. కానీ ఆ హాస్టల్ గడప మళ్లీ తొక్కలేదు. నాయుడు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు.

నీతి: భయపెట్టి రాయించుకున్న జవాబు నిజం కాదు. నిజం కావాలనుకునేవాళ్లు, ముందు దాన్ని భయం లేకుండా చెప్పుకునే చోటు ఇవ్వాలి.