పీటెక్కిన పెన్‌డ్రైవులు

ఓబులేసు మంచివాడే. కాకపోతే తాను ఒకసారి సరిచూసిన లెక్కను దేవుడు కూడా మళ్ళీ చూడనక్కర్లేదని అతని నమ్మకం. ఎమ్మిగనూరులో ఒక టైల్సు కొట్లో ఎనిమిదేళ్ళు లెక్కలు రాసి, ఆ కొలువు వదిలేసి, లింగప్ప స్వామి దగ్గర శిష్యుడిగా చేరాడు. కొలువైతే వదిలాడు గానీ ఆ నమ్మకాన్ని మాత్రం వెంట తెచ్చుకున్నాడు.

లింగప్ప స్వామి కాషాయం కట్టిన స్వామి కాదు. చేనేత పనివాడు, విగ్రహాలూ వేషాలూ లేని అచల బోధ చెప్పే గురువు. ఊరి చివర రేకుల షెడ్డులో గుంటమగ్గం మీద కూర్చుని పొద్దంతా నేసేవాడు. ఆ మగ్గం ఆయన గురువుది. ఆ గుంతలో ఆయన కాళ్ళు తప్ప ఇంకొకరి కాళ్ళు ఆనగా ఎవరూ చూడలేదు. వచ్చినవాళ్ళు చాప మీద కూర్చుని తమ బాధలు చెప్పుకునేవారు, ఆయన పోగు చుట్టిన నాడెను అటూ ఇటూ విసురుతూనే వినేవాడు. జవాబు చెప్పాలనిపిస్తే నాడె ఆపేవాడు. ఎక్కువసార్లు ఆపేవాడు కాదు.

ఆయన శిష్యులు ముప్ఫై ఒక్క ఇళ్ళవాళ్ళు. అందరూ షావుకారు నాగభూషణం దగ్గర నూలు తెచ్చుకుని, చీరలు నేసి ఇచ్చి, కూలి తీసుకునేవాళ్ళే. ఏటా దసరాకు ముందు నాగభూషణం లెక్క తేల్చేవాడు. ఆయన పుస్తకంలో ఏముంటే అదే లెక్క. ఎంత నేసినా ఏడాది చివర ఇంకా బాకీ మిగిలే ఉండేది. ఎట్లా మిగిలింది దొరా అని అడిగితే, వచ్చే ఏడు చూద్దాంలే అని పుస్తకం మూసేవాడు. వీళ్ళ నాన్నలకు ఆయన నాన్న చెప్పిందీ అదే.

ఓబులేసు వచ్చాక ఇది మారింది, ఆ మాట ఒప్పుకోవాలి. తన ల్యాప్‌టాప్‌లో ఇంటి లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్ పెట్టి, ఇంటికొక ఖాతా తెరిచాడు. తెచ్చిన నూలు, ఇచ్చిన చీర, అందిన కూలి అన్నీ ఎక్కించేవాడు. చీర ముట్టినట్టు షావుకారు గుమాస్తా సంతకం పెట్టి ఇచ్చే చీటీని ఫోటో తీసి, అదీ ఆ ఖాతాలోనే పెట్టేవాడు. ఫోటో ఉన్నాక చీటీ దేనికన్నాడు. చెదలు తింటాయి, వానకు నానతాయి, ఈ చెత్తంతా ఎందుకన్నాడు. చదువుకున్నవాడు చెప్పాడు కదా అని వాళ్ళు చీటీలన్నీ పొయ్యిలో పెట్టారు.

అంటే ఆ ఏడాది ముప్ఫై ఒక్క ఇళ్ళ కష్టానికి సాక్ష్యం ఆ ల్యాప్‌టాప్‌లోని ఒక్క ఫైలు.

అది పోతే ఎలా అన్న ఆలోచన ఓబులేసుకూ రాకపోలేదు. ప్రతి పున్నమికీ ఒక కొత్త పెన్‌డ్రైవు కొని, ఫైలును అందులోకి కాపీ చేసి, దాన్ని షెడ్డులో పాదుకల పీట మీద పెట్టేవాడు. స్వామి గారి గురువు పాదుకలవి. అంతకంటే భద్రమైన చోటు ఇంకెక్కడుందని అతని ఉద్దేశం. పీటెక్కాక ఊరుకుంటారా మరి? గురువారం పూజకు వచ్చిన ఆడవాళ్ళు పాదుకలతో పాటు వాటికీ పసుపు రాసి కుంకుమ పెట్టారు. సరిగ్గా మూతులకే పెట్టారు, మెరిసేది అక్కడే కాబట్టి. దసరా దగ్గర పడేసరికి పదకొండు పెన్‌డ్రైవులు పేరంటానికి వచ్చిన ముత్తైదువుల్లా వరసగా కూర్చున్నాయి.

సోమవారం లెక్క అనగా, ముందు గురువారం పూజ అయ్యాక అందరూ చాప మీద కూర్చున్నారు. ఒక్కరి ముఖంలోనూ కళ లేదు. ఈరమ్మ అనే పెద్దావిడ, ఆ కంప్యూటరు చెడిపోతే మన గతేంది నాయనా అని అడిగింది. ఓబులేసు నవ్వాడు.

"ఈ మిషను కాలి బూడిదైనా నీది ఒక్క రూపాయి పోదవ్వా. పదకొండు చోట్ల దాచిపెట్టినా."

నాడె ఆగింది.

"వాటిలో ఒకటన్నా తెరిచి చూసినావా?" అన్నాడు లింగప్ప స్వామి.

"మొదటిది చూసినా సామీ. లెక్కలన్నీ పొల్లు పోకుండా వచ్చినాయి."

"యాడ పెట్టి చూసినావు?"

"ఇందులోనే," అని ఒళ్ళోని ల్యాప్‌టాప్ చూపించాడు.

"ఇది లేకుండా?"

ఓబులేసుకు ఒళ్ళు మండింది. అంతమంది ముందు అడగడమా? మగ్గం తప్ప ఇంకో మిషను ముట్టుకోని మనిషి తనకు కంప్యూటరు నేర్పడమా? పీటెక్కినవాటిని దించి గెలకడం మంచిది కాదనీ, లేనిపోని అనుమానాలతో జనాన్ని బెదరగొట్టవద్దనీ కొంచెం గట్టిగానే అన్నాడు. ఆ షెడ్డులో స్వామితో ఎవరూ అలా మాట్లాడి ఎరగరు.

స్వామికి కోపం రాలేదు. చెయ్యి చాచి ల్యాప్‌టాప్ తీసుకుని మూశాడు. భుజం మీది తువ్వాలులో దాన్ని చుట్టి, వంగి, మగ్గం గుంతలో తన కాళ్ళ పక్కన పెట్టుకున్నాడు.

"ఇది కాలిపోయింది," అన్నాడు.

నాడె మళ్ళీ కదిలింది.

ఓబులేసు ముందు తమాషా అనుకున్నాడు. కాసేపు చూసి, తమాషా కాదని తెలిశాక అతనికి పంతం వచ్చింది. సరే, చూపిస్తా అనుకున్నాడు. పీట మీది పెన్‌డ్రైవులు పదకొండూ తీసి జేబు రుమాల్లో మూటకట్టుకుని, మరునాడు పొద్దున్నే బస్టాండు దగ్గర రమీజా జిరాక్స్ షాపుకు వెళ్ళాడు. ఆమె కంప్యూటర్లోకి అదే సాఫ్ట్‌వేర్ ఎక్కించి, మొదటి పెన్‌డ్రైవు పెట్టబోయాడు. అది లోపలికి దూరలేదు. నూనె చేతులతో పెట్టిన కుంకుమ మూతిలో గట్టిపడి రాయిలా ఉంది.

ఇద్దరూ కూర్చుని గుండుసూదితో గీకారు, పాత టూత్‌బ్రష్‌తో తోమారు. నాలుగు ఎంత చేసినా నోరు విప్పలేదు. ఐదోది తెరుచుకుంది. రోజూ చూసే గుర్తు తెర మీద కనబడగానే ఓబులేసుకు ప్రాణం లేచి వచ్చింది. స్వామికి ఏమని జవాబు చెప్పాలో కూడా అప్పుడే కూర్చుకున్నాడు. గుర్తు మీద నొక్కాడు.

ఫైలు దొరకడం లేదని వచ్చింది.

ఇంకోటి పెట్టాడు. అదే మాట. తెరుచుకున్న ఏడూ అదే మాట చెప్పాయి. అప్పుడు రమీజా ముందుకు వంగి, గుర్తు మూలన వంకర బాణం ఒకటి ఉంటే దాన్ని గోరుతో చూపించింది.

"ఓబులేసన్నా, ఇది ఫైలు కాదు. ఫైలు యాడుందో చెప్పేది, అంతే. నువ్వు ఇంటి అడ్రసు మోసుకొచ్చినావు, ఇల్లు రాలేదు."

అతని ల్యాప్‌టాప్‌లో పెట్టినప్పుడు ఇల్లు ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉంది. అడ్రసు పట్టుకుని పోతే దొరికింది. దొరికిందాన్ని చూసి పెన్‌డ్రైవులోనే ఉందనుకున్నాడు. పదకొండు పున్నములు ఆ బాణం గుర్తునే కాపీ చేసి పీటెక్కించాడు, దానికి హారతి కూడా ఇప్పించాడు. ఓబులేసుకు సిగ్గుతో తల ఎత్తాలనిపించలేదు. ఆ వెనకే భయం పట్టుకుంది. చీటీలు పొయ్యిలో పెట్టమన్నది తానే.

సాయంత్రం షెడ్డుకు వెళ్ళి, ల్యాప్‌టాప్ ఒక్కసారి ఇమ్మని స్వామిని అడిగాడు. సరైన కాపీ తీసుకుని గంటలో తెచ్చిస్తానన్నాడు.

"కాలిపోయింది కదా నాయనా," అన్నాడు స్వామి.

శనివారం పొద్దున మళ్ళీ వెళ్ళాడు. అప్పటికి సంగతి తెలిసి ఆడా మగా అందరూ అక్కడే ఉన్నారు. వాళ్ళ ముందే తన తప్పంతా ఒప్పుకున్నాడు. స్వామి ముందు సాష్టాంగపడి ఏడ్చాడు. తాను గర్వపడ్డాననీ, బుద్ధి వచ్చిందనీ, తనను ఏమైనా అనమనీ, ల్యాప్‌టాప్ మాత్రం ఇమ్మనీ వేడుకున్నాడు. ఈరమ్మ కూడా కొంగు పట్టి అడిగింది. స్వామి తెగిన పోగు ముడివేసుకుంటూ అదే మాట చెప్పాడు. కాలిపోయింది.

 ఆయన గురువు, ఎదురు చెప్పే అలవాటు ఎవరికీ లేదు. ఒకరిద్దరు లేచి, మన రాత ఇంతేలే అనుకుంటూ చెప్పులు వేసుకోబోయారు. ఆ మాట ఓబులేసు చెవిన పడింది. ఏడాది పొడుగునా వేలు నొప్పిపెట్టేదాకా ఎక్కించిన చీరలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. జ్వరంతో నేసిన చీరలున్నాయి, నెలల పిల్లను తొడ మీద వేసుకుని నేసిన చీరలున్నాయి. అతని ఏడుపు ఆగిపోయింది. లేచి ముఖం తుడుచుకున్నాడు.

"అది కాలలేదు సామీ. మీ కాళ్ళ పక్కన ఉంది. అందులో ఉండేది మీది కాదు, నాది కాదు, వీళ్ళది. నేను తీసుకుంటున్నా."

అని గుంతలోకి దిగాడు.

 చూస్తున్నవాళ్ళలో ఎవరో కళ్ళు మూసుకున్నారు. స్వామి మాత్రం తొక్కుడు పలకల మీద నుంచి రెండు కాళ్ళూ పైకి తీసి, కూర్చున్న చోటే బాసింపట్టు వేసుకున్నాడు. ఓబులేసు తువ్వాలు మూట తీసుకుని పైకి ఎక్కేదాకా అలాగే కూర్చుని, తర్వాత కాళ్ళు కిందికి దించి నేయసాగాడు.

రమీజా షాపులో ఈసారి గుర్తు జోలికి పోలేదు. సాఫ్ట్‌వేర్‌లోనే కాపీ తీయడానికి వేరే ఏర్పాటు ఉంది, దానితో కొత్త పెన్‌డ్రైవులోకి తీశాడు. ల్యాప్‌టాప్‌ను ఆపి అవతల గదిలో పెట్టించి, ఆమె కంప్యూటర్లో ఆ కాపీని తెరిచాడు. ఈరమ్మ ఖాతా వచ్చింది. చీటీలు వచ్చాయి, గుమాస్తా సంతకాలు వచ్చాయి. ముప్ఫై ఒకటో ఇంటి దాకా ఒక్కటి వదలకుండా చూశాడు. ఆమె కంప్యూటర్లోంచి అన్నీ చెరిపేసి, పెన్‌డ్రైవులోంచి మళ్ళీ మొదటి నుంచి తెరిచి చూశాడు. రమీజా రెండుసార్లు టీ తెప్పించింది, అతను తాగింది ఒక్కటి.

ఆదివారం ల్యాప్‌టాప్‌ను తెచ్చి, ఎవరూ అడగకుండానే తువ్వాలులో చుట్టి గుంతలో ఉన్నచోటనే పెట్టాడు. స్వామి అటు చూడలేదు.

సోమవారం షావుకారు అరుగు మీద ముప్ఫై ఒక్క ఇళ్ళవాళ్ళూ కూర్చున్నారు. ఓబులేసు ఉత్త చేతులతో రావడం చూసి నాగభూషణం, నీ పెట్టె ఏదయ్యా అని అడిగాడు. కాలిపోయిందన్నాడు ఓబులేసు. నాగభూషణం ముఖం పెళ్ళివారిల్లులా వెలిగింది. అయ్యో పాపం అంటూనే తన పుస్తకం ముందుకు లాక్కున్నాడు. అప్పుడు ఓబులేసు జేబులోంచి పెన్‌డ్రైవు తీశాడు.

"మీ గుమాస్తా కంప్యూటరు ఒక గంట ఇప్పించండి."

ఇవ్వనంటే బాగుండదు, అంతమంది చూస్తున్నారు. పైగా అంత చిన్న ముక్కలో ఏముంటుందిలే అనుకున్నాడు నాగభూషణం. ఓబులేసు గుమాస్తా కుర్చీలో కూర్చుని సాఫ్ట్‌వేర్ ఎక్కించి, కాపీ తెరిచి, తెరను అరుగు వైపు తిప్పాడు. ఈరమ్మ ఇచ్చినవి పద్నాలుగు చీరలని పుస్తకంలో ఉంది. తెర మీద పంతొమ్మిది చీటీలున్నాయి, పంతొమ్మిదింటి మీదా గుమాస్తా సంతకం ఉంది. ఈ సంతకం నీది కాదా అని ఈరమ్మ గుమాస్తానే అడిగింది. నిలబడి, నడుం మీద చెయ్యి పెట్టుకుని అడిగింది. గుమాస్తా షావుకారు వైపు చూశాడు గానీ కాదనలేకపోయాడు. తర్వాతి ఇంట్లో మూడు చీరల తేడా, ఆ తర్వాత ఆరు. వచ్చే ఏడు చూద్దాంలే అన్నాడు నాగభూషణం. ఇప్పుడే చూద్దాం అన్నారు వాళ్ళు, ఒక్కరూ అరుగు దిగలేదు. పన్నెండో ఇంటి దగ్గర ఆయన పుస్తకం తెరవడం మానేశాడు. మధ్యాహ్నానికి పంతొమ్మిది ఇళ్ళవాళ్ళకు బాకీ తీరిపోయి ఎదురు రావలసి ఉందని తేలింది.

సాయంత్రం అందరూ షెడ్డుకు వచ్చి మొక్కి వెళ్ళారు. ఓబులేసు ఒక్కడూ ఉండిపోయాడు. సంతోషమైతే ఉంది గానీ లోపల ఒక ముల్లు కెలుకుతూనే ఉంది. మగ్గం ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నేను దిగి తీసుకోకుంటే ఈ పొద్దు ఇచ్చేవాళ్ళా సామీ?"

"లేదు."

"ముప్ఫై ఒక్క ఇళ్ళు మునిగిపోయేటివి. కాళ్ళ మీద పడి అడిగితిమి కదా. అంతమంది అడిగితే ఎట్ల ఇయ్యరు?"

లింగప్ప స్వామి నాడె ఆపాడు.

"ఇన్నేళ్ళుగా అడుగుతానే ఉన్నారు. నాగభూషణం ఇచ్చినాడా?"

 ఓబులేసు కట్టుకున్న చేతులు విప్పాడు.